సస్కాచెవాన్‌లో హోర్ ఫ్రాస్ట్ చూడ్డానికి డ్రైవ్ వెళ్లాలంటే ముందు రాత్రే ఏం చూసుకోవాలి, పొద్దున ఎటు వెళ్లాలి

కెనడాలోని సస్కాచెవాన్‌కి, అంటే రెజైనాకో సస్కటూన్‌కో కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామందికి చలికాలం అంటే ఇల్లు, ఆఫీసు, గ్రోసరీ స్టోరు అంతే. వీకెండ్ ఎటైనా వెళ్దామా అంటే ఎటు వెళ్తాం, అంతా మంచు పొలాలేగా, చూడ్డానికి ఏముంది అంటారు. హోర్ ఫ్రాస్ట్ పట్టిన పొద్దున ఒక్కసారి ఊరు దాటి చూస్తే ఆ మాట మళ్లీ అనరు. గడ్డి పరక దగ్గర్నుంచి ముళ్ల తీగ, కరెంట్ వైరు, చెట్ల చివరి కొమ్మల దాకా ప్రతిదానికీ తెల్లటి ముళ్లు మొలిచి ఉంటాయి, పైన ముదురు నీలం ఆకాశం, రోడ్డు మీద మీ కారు తప్ప ఇంకోటి ఉండదు. చాలామంది ఇది అదృష్టం ఉంటే కనపడుతుంది అనుకుంటారు కానీ ముందు రోజు రాత్రి ఒక ఐదు నిమిషాలు వెదర్ చూసుకుంటే రేపు ఉంటుందా లేదా అనేది చాలా వరకు చెప్పేయొచ్చు. అదెలాగో, ఎప్పుడు బయల్దేరాలో, రోడ్డు మీద ఏం జాగ్రత్తో, కారు దిగాక ఎక్కడ చూడాలో నాకు తెలిసినంత వరకు చెప్తాను.

ముందు ఇది ఎలా పడుతుందో కొంచెం తెలిస్తే మిగతాదంతా దాన్నిబట్టే అర్థమైపోతుంది. గాలి కదలని రాత్రి, ఆకాశం క్లియర్‌గా ఉంటే, బయట ఉన్న కొమ్మలూ తీగలూ వాటి వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే కూడా ఎక్కువ చల్లబడిపోతాయి, అప్పుడు గాలిలో ఉన్న ఆవిరి మధ్యలో నీళ్లు అవ్వకుండానే సరాసరి ఐస్ అయి వాటి మీద స్ఫటికాలుగా పెరుగుతుంది, అసలు హోర్ ఫ్రాస్ట్ అంటే ఇదే. ఇంకో రకం ఉంది, రైమ్ అంటారు. ఫ్రీజింగ్ ఫాగ్‌లో సన్నటి నీటి బొట్లు సున్నా కంటే కింద ఉన్నా గడ్డకట్టకుండా తేలుతూ ఉంటాయి, దేనికైనా తగిలిన మరుక్షణం దానికే అతుక్కుని గడ్డకడతాయి. ఇక్కడి వాళ్లు రెండిటినీ హోర్ ఫ్రాస్ట్ అనే అంటారు, మందంగా పట్టిన రోజుల్లో చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి కాబట్టి ఆ పిలుపుతో నాకేం పేచీ లేదు. మనకి కావాల్సిన విషయం ఏంటంటే ఒట్టి చలి సరిపోదు, గాలిలో తేమ ఉండాలి, గాలి ఆగిపోయి ఉండాలి, పొద్దున్నే ఎండ రావాలి. ఈ మూడూ కుదిరిన రోజే మన రోజు.

బాగా చలి ఉంటే ఫ్రాస్ట్ బాగా పడుతుంది అనుకుంటే పొరపాటు. మైనస్ 30 దగ్గర గాలి పట్టుకోగలిగిన ఆవిరి మైనస్ 10 దగ్గర పట్టేదాంట్లో ఆరో వంతు కూడా ఉండదు, అందుకే ఆ గడ్డకట్టే రోజుల్లో చెట్లు చాలాసార్లు బోసిగానే ఉంటాయి. నాకైతే మైనస్ 8 నుంచి మైనస్ 20 మధ్యలో ఉన్న రాత్రుల మీదే నమ్మకం. ముఖ్యంగా ఒక వారం పాటు భయంకరమైన చలి వేసి, తర్వాత పసిఫిక్ వైపు నుంచి కొంచెం వెచ్చటి గాలి వచ్చి, అది ఈ గడ్డకట్టిన నేల మీద ఆగి ఫాగ్ కమ్ముకుంటుందే, ఆ ఫాగ్ రెండు రాత్రులు ఉండి మూడో పొద్దున విడిపోతే అస్సలు మిస్ అవ్వొద్దు.

ఇప్పుడు యాప్ సంగతి. ఎన్విరాన్‌మెంట్ కెనడా వాళ్ల వెదర్‌కాన్ యాప్ ఫ్రీ, అదే వాడండి. ముందు టెంపరేచర్, డ్యూ పాయింట్ (గాలి ఎంత చల్లబడితే దాన్లో తేమ నిండిపోతుందో ఆ టెంపరేచర్) పక్కపక్కన పెట్టి చూడండి, రెండిటికీ తేడా రెండు డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉందంటే ఆశ పెట్టుకోవచ్చు. హ్యుమిడిటీ దగ్గర మాత్రం ఒక చిన్న తిరకాసు ఉంది, 100 లేదు కదా 86 శాతమే ఉంది అని వదిలేస్తుంటారు. యాప్‌లో చూపించే హ్యుమిడిటీ సున్నా కింద కూడా నీళ్లని బట్టి వేసిన లెక్క, ఐస్‌ని బట్టి వేసింది కాదు. మైనస్ 15 దగ్గర యాప్‌లో 86, 87 చూపిస్తోందంటే ఐస్ లెక్కలో అప్పటికే గాలి పూర్తిగా నిండిపోయినట్టు, ఫ్రాస్ట్ పెరగడానికి అది చాలు. మైనస్ 20 అయితే 82 దగ్గరే నిండిపోతుంది. తర్వాత గాలి స్పీడు, గంటకి ఐదో పదో కిలోమీటర్లు ఉంటే పర్లేదు, తెల్లవారుజామున 20 దాటుతుంది అని ఉంటే మాత్రం కొమ్మల మీదున్నదంతా రాలిపోతుంది, ఆ రోజు హాయిగా పడుకోండి. చివరగా ఫాగ్ అడ్వైజరీ ఉందా, ఉంటే అది ఎన్నింటికి తగ్గేలా ఉంది అనేది చూడాలి. రాత్రి ఫాగ్, పొద్దున పదింటికల్లా ఎండ, గాలి లేదు అని ఫోర్‌కాస్ట్‌లో ఉంటే కార్‌కి బ్లాక్ హీటర్ (ఇంజిన్‌ని రాత్రంతా వెచ్చగా ఉంచే కరెంట్ హీటర్) ప్లగ్ పెట్టేసి, ఫ్లాస్క్ కడిగి పెట్టుకుని పడుకోవచ్చు.

సస్కాచెవాన్‌లో ఉన్న వాళ్లకి ఒక వరం ఏంటంటే ఇక్కడ చలికాలంలో సూర్యుడు చాలా లేటుగా వస్తాడు. గడియారాలు ముందుకీ వెనక్కీ మార్చే గొడవ లేదు, ఏడాదంతా సెంట్రల్ స్టాండర్డ్ టైమే, దాంతో డిసెంబర్ చివర్లో రెజైనాలో సూర్యోదయం తొమ్మిదింటికి కాస్త ముందు, సస్కటూన్‌లో తొమ్మిదింబావు దగ్గర. అంటే చీకట్లో లేవాల్సిన పని లేదు, టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరొచ్చు, సంక్రాంతి రోజుల్లో కూడా ఇంచుమించు ఇదే టైము. పైగా డిసెంబర్‌లో రెజైనా దగ్గర సూర్యుడు అన్నిటికంటే పైకి వచ్చినప్పుడు కూడా 16 డిగ్రీల ఎత్తే, అదీ మధ్యాహ్నం ఒంటిగంటకి. రోజంతా ఏటవాలు ఎండే కాబట్టి స్ఫటికాల మెరుపు ఒక్క సూర్యోదయానికే అయిపోదు, గాలి లేకపోతే పన్నెండింటి దాకా కూడా ఉంటుంది. పదింటి నుంచి పన్నెండు మధ్యలో బయట ఉండేట్టు చూసుకోండి. తెల్లవారకముందే పరిగెత్తి వెళ్తే ఫాగ్‌లో డ్రైవ్ చేయడం తప్ప పెద్దగా కనపడేది ఏమీ ఉండదు.

ఎక్కడికి అంటే, తేమ ఎక్కడ నిలుస్తుందో అక్కడికి. రెజైనా నుంచి అయితే నా ఓటు ఎప్పుడూ కపెల్ వ్యాలీకే. హైవే 11 మీద ఉత్తరంగా వెళ్తే బల్లపరుపుగా ఉన్న నేల ఉన్నట్టుండి కిందికి దిగుతుంది, అక్కడ లమ్స్‌డెన్, అక్కడి నుంచి హైవే 20 పట్టుకుని క్రేవెన్ వైపు వెళ్తే ఒక పక్క వాగు పక్కన చెట్లు, ఇంకో పక్క గడ్డి కొండలు. చల్లగాలి బరువు కాబట్టి రాత్రి వ్యాలీ అడుగుకి జారి అక్కడే కూర్చుంటుంది, ఫాగ్ కూడా దాంతోనే. కొన్ని పొద్దుల్లో కొండ మీద ఒక ఎత్తు దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు కింద అంతా తెలుపు, పైన అంతా మామూలు గోధుమ రంగు గడ్డి కనపడుతుంది, రాత్రి ఫాగ్ ఎంత ఎత్తు దాకా వచ్చిందో ఆ గీత చెప్తుంది. టైం ఉంటే ఫోర్ట్ కపెల్ దగ్గర ఎకో వ్యాలీ పార్క్ కూడా బాగుంటుంది. సస్కటూన్ వాళ్లయితే ఊళ్లోనే మొదలుపెట్టొచ్చు, సౌత్ సస్కాచెవాన్ నది ఊరి మధ్యలో కొన్ని చోట్ల గడ్డకట్టకుండా పారుతూ ఉంటుంది, ఆ నీళ్ల మీంచి లేచే ఆవిరి గట్టు మీద చెట్లకి పడుతుంది, మిగతా ఊరికి ఏమీ లేని రోజు కూడా అక్కడ ఉంటుంది. ఊరికి ఉత్తరాన వనుస్కేవిన్ పార్క్ దగ్గర వాగు లోయ కూడా అలాంటిదే.

లోయ లేని చోట షెల్టర్‌బెల్ట్‌లు వెతకండి. పొలాల చుట్టూ, రైతుల ఇళ్ల చుట్టూ వరసగా చెట్లు ఉంటాయి చూడండి, అవి వాటంతట అవి మొలిచినవి కాదు. ఇండియన్ హెడ్‌లో 1901లో గవర్నమెంట్ పెట్టిన నర్సరీ ఒకటి ఉండేది, 2013లో మూసేసే దాకా ప్రైరీ రైతులకి 60 కోట్లకు పైగా మొక్కలు పంచింది, గాలికి మట్టి కొట్టుకుపోకుండా. ఇవాళ మనం ఫ్రాస్ట్ చూసి మురిసిపోయే చెట్ల వరసల్లో చాలా వాటి వెనక ఆ మొక్కలూ, వాటిని నీళ్లు మోసి బతికించిన కుటుంబాలూ ఉన్నాయి. అందరూ పెద్ద పాప్లర్ చెట్ల ఫోటోలే తీస్తారు కానీ నన్నడిగితే కరగానా పొద ముందు పాప్లర్ దిగదుడుపే, సన్న కొమ్మలు దట్టంగా ఉంటాయి కాబట్టి ఎంత ఫ్రాస్ట్ పడితే అంత పట్టుకుంటుంది, పైగా మన కంటి ఎత్తులోనే ఉంటుంది.

ఇక డ్రైవింగ్. ఈ అందం ఏ ఫాగ్ వల్ల వస్తుందో ఆ ఫాగే మనుషుల్ని చంపుతుంది కూడా, ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దు. బయల్దేరే ముందు సస్కాచెవాన్ హైవే హాట్‌లైన్ వెబ్‌సైట్‌లో మీ రూట్ చూడండి, ట్రావెల్ నాట్ రికమెండెడ్ అని ఉంటే ఇంకో ఆలోచన లేకుండా ఆగిపోండి. ఫ్రీజింగ్ ఫాగ్ చెట్లకి పట్టినట్టే రోడ్డుకి కూడా పడుతుంది, తారు మామూలు నల్లగానే కనపడుతుంది కానీ పైన సన్నటి ఐస్ పొర ఉంటుంది, సిగ్నళ్ల దగ్గర, బ్రిడ్జిల మీద ఇంకా ఎక్కువ. క్రూజ్ కంట్రోల్ అస్సలు వేయొద్దు. వింటర్ టైర్లు లేకుండా వెళ్లొద్దు, పక్కన కొండ మీద స్నోఫ్లేక్ గుర్తు ఉన్న టైర్లు, ఆల్ సీజన్ టైర్ల రబ్బరు ఏడు డిగ్రీల కిందకి వచ్చిందంటే గట్టిపడటం మొదలవుతుంది, మైనస్ 15లో ఇంకేం పట్టుకుంటుంది. లైట్లు ఆటోలో వదిలేయకుండా చేత్తో ఆన్ చేయండి, చాలా పాత కార్లలో పగటిపూట ముందు లైట్లే వెలుగుతాయి, వెనక లైట్లు వెలగవు, ఫాగ్‌లో వెనకొచ్చే ట్రక్కుకి మీరు కనపడరు. హై బీమ్ వేస్తే ఫాగ్ తెల్లటి గోడలా తిరిగి మన కళ్లకే కొడుతుంది, లో బీమే ఉంచండి.

ఎంత అందంగా ఉన్నా హైవే షోల్డర్ మీద ఫోటో కోసం ఆపొద్దు, దయచేసి ఆపొద్దు. 110లో వచ్చేవాడు కూడా ఆ చెట్లనే చూస్తూ ఉండొచ్చు. కొంచెం దూరం వెళ్లి పక్కన గ్రిడ్ రోడ్డు, అంటే పొలాల మధ్య గళ్లుగా వేసిన పల్లె రోడ్డు, ఎక్కండి, పాతకాలం సర్వే పుణ్యమా అని సస్కాచెవాన్‌లో ఉత్తరం దక్షిణంగా మైలుకొకటి, తూర్పు పడమరగా రెండు మైళ్లకొకటి చొప్పున రోడ్డుకి జాగా వదిలారు కాబట్టి దారి దొరక్కపోవడం ఉండదు. కానీ ప్లౌ చేసి, అంటే మంచు తీసేసి ఉన్న గ్రిడ్ రోడ్డే ఎక్కాలి, టైరు గుర్తులు లేని తెల్ల రోడ్డు కనపడితే లోపలికి పోవద్దు, మంచు కింద రోడ్డు అంచు ఎక్కడ అయిపోయి గొయ్యి ఎక్కడ మొదలవుతుందో తెలియదు, అక్కడ దిగబడితే సిగ్నల్ కూడా ఉండకపోవచ్చు. ట్యాంక్ సగానికి తగ్గకుండా, డిక్కీలో పార, బూస్టర్ కేబుల్స్, దుప్పట్లు, ఒక డబ్బాలో కొవ్వొత్తి అగ్గిపెట్టె, తినడానికి ఏదైనా పెట్టుకోండి, ఎటు వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పండి. ఇరుక్కుపోతే కారు వదిలి నడవొద్దు, ఇంజిన్ వేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, లేకపోతే పొగ లోపలికి వస్తుంది.

సరే, ఆపాం, దిగాం. ఇక్కడే చాలామంది రెండు సెల్ఫీలు తీసుకుని మళ్లీ కార్‌లో దూరిపోతారు, అసలు చూడాల్సింది ఇంకా చూడనే లేదు. ముందు ముళ్ల తీగ దగ్గరికి వెళ్లండి. తీగ చుట్టూ అన్ని వైపులా సమానంగా ముళ్లు మొలిచాయా, లేక ఒక్క వైపే జెండాలా పెరిగిందా చూడండి. అన్ని వైపులా ఉంటే రాత్రి గాలి పూర్తిగా ఆగిపోయిందని, ఒక్క వైపే ఉంటే అది రైమ్, ఫాగ్ ఆ వైపు నుంచే కదిలి వచ్చిందని అర్థం. ఇప్పుడు ఇంకా దగ్గరికి, ఒక్క ముల్లుని చూడండి, ఊపిరి బిగపట్టి చూడాలి, మన శ్వాస తగిలితే కళ్ల ముందే కరిగిపోతుంది. ఈకలాగా మధ్యలో ఒక కాడ, దానికి రెండు వైపులా చిన్న చిన్న పలకలు, ఒక్కో పలక అంచు గాజు కోసినట్టు సూటిగా, మూలలు 60, 120 డిగ్రీల్లో. కొన్ని చోట్ల సన్నటి సూదులు, కొన్ని చోట్ల గిన్నెలా లోపలికి బోలుగా ఉన్నవి, టెంపరేచర్‌ని బట్టి, తేమని బట్టి ఆకారం మారిపోతుంది కాబట్టి ఒక్క తీగ మీదే రెండు మూడు రకాలు దొరుకుతాయి.

చెట్టు మానుకి ఏమీ ఉండదు, చివరి కొమ్మకి మాత్రం బోలెడంత ఉంటుంది, గమనించండి. మాను లావుగా ఉండి పగటి వేడి దాచుకుంటుంది, సన్న కొమ్మ గబుక్కున చల్లబడుతుంది, పైగా మొనదేలి గాలిలోకి పొడుచుకుని ఉన్నదానికే కొత్త ఆవిరి ముందు అందుతుంది. ఒకసారి ఒక ముల్లు మొలిస్తే ఆ ముల్లు మొనే మిగతావాటికంటే ముందుంటుంది కాబట్టి అదే ఇంకా పెరుగుతుంది. తర్వాత కిందికి వంగి మంచు మీద చూడండి, ఆకుల్లాంటి పల్చటి పలకలు నిలబడి ఉంటాయి, కాలు పెడితే గాజు గలగల లాంటి సన్నటి శబ్దం. రాకీ పర్వతాల్లో ఇవే పలకలు తర్వాత పడిన మంచు కింద కప్పబడిపోయి, బలహీనమైన పొరగా మారి అవలాంచ్‌లకి, అంటే కొండ మీది మంచు ఒక్కసారిగా జారిపడటానికి కారణం అవుతాయి, ఇక్కడ బల్లపరుపు నేల కాబట్టి ఆ భయం లేదు. స్లూ పక్కన, అంటే పొలాల మధ్య ఉండే గుంటల పక్కన, జమ్ము ఎండిపోయి నిలబడి ఉంటుంది, దాని కంకులు, ఫాక్స్‌టెయిల్ గడ్డి కుచ్చులు అసలు వదలొద్దు.

పొలంలోకి మాత్రం దిగకండి. 2022 జనవరి 1 నుంచి ఇక్కడ చట్టం మారింది, కంచె ఉన్నా లేకపోయినా, బోర్డు పెట్టినా పెట్టకపోయినా, ప్రైవేట్ పొలంలోకి వెళ్లాలంటే ముందే పర్మిషన్ తీసుకోవాలి. రోడ్డు పక్క నుంచే కావాల్సినంత కనపడుతుంది. కరెంట్ వైర్ల కింద కార్ ఆపొద్దు, మందంగా ఫ్రాస్ట్ పట్టిన వైర్లు బరువెక్కి చిన్న గాలికే ఎగిరెగిరి పడతాయి, కొన్నిసార్లు తెగుతాయి కూడా, ఊళ్లకి ఊళ్లు కరెంట్ పోయేది అందుకే. తెగి పడిన తీగ కనపడితే కనీసం పది మీటర్లు దూరంలోనే ఆగి కబురు చెయ్యండి. స్తంభాల మీద ఒక కన్నేసి ఉంచితే తెల్లటి స్నోయీ ఔల్ కనపడే ఛాన్సుంది, కార్‌లోంచే చూడండి, దగ్గరికి వెళ్లి లేపితే ఆ చలిలో దానికి శక్తి వృథా.

ఫోటోల గురించి రెండే మాటలు. ఫోన్ కెమెరా ఇంత తెలుపు చూడగానే బూడిద రంగులోకి లాగేస్తుంది, స్క్రీన్ మీద నొక్కి పట్టుకుని బ్రైట్‌నెస్ కొంచెం పైకి జరపండి, పెద్ద కెమెరా అయితే ఎక్స్‌పోజర్ ప్లస్ ఒకటి. సూర్యుడు మీ వెనక ఉంటే నీలం మీద తెలుపు బాగా విడిగా కనపడుతుంది, ఎదురుగా ఉంటే స్ఫటికాల అంచులు వెలుగుతాయి, రెండు వైపుల నుంచీ తీయండి. దగ్గరి షాట్‌కి వెనకాల నల్ల గ్లోవ్ పెట్టండి, ఒక్కో స్ఫటికం విడివిడిగా కనపడుతుంది. ఫోన్ లోపలి జేబులో ఉంచుకోవాలి, లేకపోతే 60 శాతం చార్జింగ్ ఉన్నా చటుక్కున ఆగిపోతుంది.

పదకొండు దాటాక చిన్న గాలి లేస్తుంది చాలా రోజుల్లో. అప్పుడు వెంటనే కార్ ఎక్కేయకండి, షెల్టర్‌బెల్ట్‌కి ఎండ పక్కగా పడే చోట నిలబడండి, కొమ్మల మీదున్నదంతా ఒక్కసారి విడిపోయి పొడిలా కిందికి దిగుతూ ఎండలో రంగురంగులుగా మెరుస్తుంది, పిల్లలు ఉంటే వాళ్లకి అన్నిటికంటే ఇదే నచ్చుతుంది, వీడియో తీసేది కూడా ఇదే.

ఇంటికి వచ్చాక కెమెరాని బయటే జిప్‌లాక్ కవర్లో పెట్టి మూసి అప్పుడు లోపలికి తీసుకెళ్లండి, ఒక గంట అలా ఉంచితే తేమ కవర్ మీద పడుతుంది, లెన్స్ మీద పడదు. బూట్ల మంచు కార్ ఎక్కే ముందే దులుపుకోవాలి, లేకపోతే అదంతా కరిగి అద్దాలకి లోపలి వైపు ఫాగ్ పడుతుంది, అలా పడితే రీసర్క్యులేషన్ ఆపేసి ఏసీతో కలిపి డిఫ్రాస్ట్ వేస్తే త్వరగా పోతుంది. సాయంత్రం మళ్లీ ఫోర్‌కాస్ట్ చూడండి, ఇలాంటి వాతావరణం ఒకసారి కుదురుకుంటే రెండు మూడు రోజులు కదలదు, ఎండకి రాలకుండా నీడలో మిగిలిపోయిన కొమ్మల మీద రెండో రాత్రి ఇంకో పొర పెరుగుతుంది. గాలి లేదని ఉంటే బ్లాక్ హీటర్ ప్లగ్ మళ్లీ పెట్టేయండి.